గొర్రెలు, మేకల హిమోగ్లోబిన్ రకాలు: రిపోర్టు ఎలా చదవాలి, పొట్టేలు ఎంపికకు ఎంతవరకు పనికొస్తుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మందలో 60 నెల్లూరు జోడిపి గొర్రెలు, 15 ఉస్మానాబాదీ మేకలు ఉన్నాయి. వానలు పడ్డాక రక్తం పీల్చే నట్టలు పట్టి కొన్ని పాలిపోయి, దవడ కింద నీరు దిగి చనిపోతున్నాయి. అదే బీట్లో మేసినవి కొన్ని మాత్రం నిలబడుతున్నాయి. 'ఏ' రకం హిమోగ్లోబిన్ ఉన్న గొర్రె నట్టలను తట్టుకుంటుందని చదివి, జూలైలో ఆరు పొట్టేళ్ల రక్తం పరీక్ష చేయించారు. ఒకటి ఏబీ, ఐదు బీబీ అని వచ్చింది. ఆ ఒక్కదాన్నే విత్తనపు పొట్టేలుగా ఉంచాలా? మేకలకూ ఇదే వర్తిస్తుందా? పిల్ల ఏ పొట్టేలుదో రక్తంతో తేలుతుందా? ఒక గొర్రెకు పొటాషియం విపరీతంగా ఎక్కువ వచ్చిందేమిటి?

ముందు సూటిగా చెబుతాను. హిమోగ్లోబిన్ రకం తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణమే. ఒంట్లో అది చేసే పని కూడా నిజమే. కానీ దాన్ని చూసి పొట్టేలును ఉంచడం, తీసేయడం సరికాదు. పైగా జూలైలో తీసిన రక్తం మీద ఇచ్చిన ఆ ఏబీ రిపోర్టునే నమ్మలేం. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ల్యాబులు కూడా తరచుగా జారిపోయే చోటు ఇదే.

హిమోగ్లోబిన్ అణువులో 2 ఆల్ఫా గొలుసులు, 2 బీటా గొలుసులు ఉంటాయి. గొర్రెల్లో ఏ, బి తేడా బీటా గొలుసులో ఉంది. నెమరు వేసే జంతువుల్లో విద్యుత్ క్షేత్రంలో వేర్వేరు వేగాలతో కదిలే హిమోగ్లోబిన్లు ఉన్నాయని 1955లో హారిస్, వారెన్ చూపించారు. గొర్రెల్లో అవి వంశపారంపర్యంగా ఎలా దిగుతాయో మరుసటి ఏడాదే ఎవాన్స్ బృందం తేల్చింది. సూత్రం తేలిక. తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఒకదాన్ని మరొకటి అణచదు కాబట్టి రెండూ పైకి కనిపిస్తాయి. విద్యుత్ క్షేత్రంలో నడిపిన పరీక్ష స్ట్రిప్ మీద ఏఏ గొర్రెకు ఒక పట్టీ, బీబీకి ఒక పట్టీ, ఏబీకి రెండూ పడతాయి. ఏబీ పొట్టేలును బీబీ గొర్రెలపై వేస్తే పిల్లల్లో సుమారు సగం ఏబీ, సగం బీబీ పుడతాయి. ఏఏ ఒక్కటి కూడా పుట్టదు.

ఏ రకం ఆక్సిజన్‌ను బి కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల దగ్గర నింపుకోవడానికి అది మేలు. కండరాల దగ్గర వదలడంలో కొంచెం పిసినారితనం. బహుశా దానికి పరిహారంగానే ఏఏ గొర్రెల్లో ఎర్రకణాల శాతం, అంటే పీసీవీ, బీబీల కంటే కాస్త ఎక్కువగా ఉంటుందని 1960ల నుంచీ తెలుసు. ఈ విషయం గుర్తుంచుకోండి. నట్టల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

అసలు ఆసక్తికరమైన సంగతి మూడో రకం, సి. ఏ జన్యువు ఉన్న గొర్రెకు రక్తం బాగా తగ్గితే మూత్రపిండాల నుంచి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. ఆ సంకేతంతో మజ్జలో కొత్తగా పుట్టే ఎర్రకణాలు ఏ తయారీ ఆపి, సి తయారు చేయడం మొదలుపెడతాయి. పాత కణాలు మాత్రం బతికినంతకాలం ఏ తోనే తిరుగుతాయి. అందుకే రక్తంలో కొన్ని వారాలపాటు ఏ, సి కలిసి కనిపిస్తాయి. రక్తహీనత తీవ్రంగా కొనసాగితే ఏ దాదాపు కనుమరుగై సి ఒక్కటే మిగిలే స్థితి కూడా వస్తుంది. రక్తం కోలుకున్నాక తిరిగి ఏ వస్తుంది.

బీబీ గొర్రె చావు అంచుకు వెళ్లినా సి తయారు చేయలేదు. సంకేతం అందకపోవడం వల్ల కాదు, ఆ జన్యువే దాని దగ్గర లేదు. ఏ ఉన్న క్రోమోజోముపై బీటా జన్యువుల గుంపు మూడుసార్లు వరుసగా ఉంటుంది. ఒక వరుసలో సి, ఒక వరుసలో ఏ, ఒక వరుసలో గర్భస్థ పిల్లకు పనికొచ్చే ఎఫ్. బి ఉన్న క్రోమోజోముపై సి ఉండాల్సిన నాలుగు జన్యువుల ముక్క మొత్తం లేదు, రెండు వరుసలే ఉన్నాయి. ఏబీ గొర్రెలో ఏ వైపు క్రోమోజోము మాత్రమే సి ఇస్తుంది, బి వైపుది బి తయారు చేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ జూలై రిపోర్టు చూడండి. ఆల్కలీ మాధ్యమంలో ధన ధ్రువం వైపు ఏ ముందు పరిగెడుతుంది, బి వెనక ఉంటుంది. సి కూడా వెనకే, బి కి దగ్గరగా నిలుస్తుంది. నట్టలతో రక్తం తగ్గిన ఏఏ పొట్టేలు రక్తాన్ని సాధారణ స్ట్రిప్ మీద నడిపితే ముందు ఒక పట్టీ, వెనక ఒక పట్టీ వస్తాయి. చూసేవారు ఏబీ అని రాసేస్తారు. అది ఏ, సి కావచ్చు. జూలై అంటే వానలు మొదలై, మందు తాపకముందు తీసిన రక్తం. రిపోర్టుతో పాటు పీసీవీ అంకె లేదన్నారు. పీసీవీ లేని హిమోగ్లోబిన్ రకం రిపోర్టును సగం రిపోర్టుగానే చూడాలి. మిగతా ఐదింటి బీబీ కూడా పూర్తిగా ఖాయమనలేం. రక్తహీనత బీబీని ఏబీగా మార్చదు గానీ, అది తీవ్రమైతే ఏ కనుమరుగై, బి పక్కన నిలిచే సి మిగిలి బీబీలా కనిపించవచ్చు.

ఇలాంటి తికమకే వయసుతోనూ వస్తుంది. పుట్టిన గొర్రెపిల్లలో ఎఫ్ రకమే ఎక్కువ, అది తగ్గి పెద్దరకం రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఏ ఉన్న పిల్లల్లో మధ్యలో కొంత సి కూడా తొంగిచూస్తుంది. మేకపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. ఎఫ్ పోయి సి వస్తుంది, ఆ తర్వాతే సి పోయి ఏ కుదురుకుంటుంది. అందుకని గొర్రెకైనా మేకకైనా 4 నెలలు నిండకుండా రకం నిర్ణయించకండి. 6 నెలల తర్వాతైతే ఇంకా నిశ్చింత.

నట్టల విషయానికి వస్తాను. మీ మందను చంపుతున్నది వర్ణన ప్రకారం హీమాంకస్ కంటార్టస్, నాలుగో కడుపులో ఉండి రక్తం పీల్చే నట్ట. విరోచనాలు పెద్దగా ఉండవు, పాలిపోవడం, నీరు దిగడం, ఉన్నట్టుండి చావడం. ఒక్కో నట్ట వల్ల రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పోతుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మి.లీ. 30 కిలోల గొర్రెలో మొత్తం రక్తం 2 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే రోజూ నలభయ్యో వంతు పోతోంది. ఇనుము, మాంసకృత్తులు అందుతూ మజ్జ వేగంగా పనిచేస్తే కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఎండుగడ్డి మీద బతికే గొర్రె నెట్టుకురాలేదు.

ఏ రకం గొర్రెలు హీమాంకస్‌ను మెరుగ్గా తట్టుకుంటాయన్న మాట గాలివాటు కాదు. 1963లో ఎవాన్స్, బ్లంట్, సౌత్‌కాట్ ప్రచురించిన పని దగ్గర ఈ చర్చ మొదలైంది. కెన్యాలో మెరినోలపై ఆలన్బీ, అర్కర్ట్ 1976లో ఇదే వైపు మొగ్గే ఫలితాలు ఇచ్చారు. ఆ తర్వాత వేరే జాతుల్లో, వేరే చోట్ల చూస్తే ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. కొన్నిట్లో తేడా ఉంది, కొన్నిట్లో లేదు. నా అభిప్రాయంలో ఇందుకు రెండు కారణాలున్నాయి. ఒకటి, నట్టల్ని ఒంట్లో నిలవనీయకపోవడం వేరు, నట్టలున్నా పడిపోకుండా నిలబడడం వేరు. మొదటిదాన్ని పేడలో గుడ్ల లెక్కతో కొలవాలి, రెండోదాన్ని పీసీవీతో. ఏఏ గొర్రెకు మొదటి నుంచే పీసీవీ ఎక్కువ కాబట్టి, రెండింటి నుంచి ఒకే మోతాదు రక్తం పోయినా చివర్లో ఏఏ అంకె మెరుగ్గానే కనిపిస్తుంది. అది నిల్వ ఎక్కువుండడం, నట్టల మీద గెలుపు కాదు. రెండు, ఒక మందలో ఏ జన్యువు ఒకటి రెండు పొట్టేళ్ల నుంచే దిగి ఉంటే, ఆ పొట్టేళ్ల మిగతా మంచి జన్యువులన్నిటి ఘనతా ఏ ఖాతాలో పడుతుంది.

మేకల్ని చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. మేకల్లో సి జన్యువు లేని బి వంటి క్రోమోజోము మామూలుగా ఉండదు. రక్తం తగ్గితే మేకలన్నీ సి తయారు చేస్తాయి. అయినా నట్టల ముందు గొర్రె కంటే మేకే బలహీనం. ఆకులు, కొమ్మలు మేసే జీవి కాబట్టి నేలమీది నట్టలతో పోరాడే రోగనిరోధక శక్తి దానికి అంతగా అలవడలేదు. సి తయారు చేయగలగడమే రక్షణ అయితే మీ 15 మేకల్లో ఒక్కటీ పడిపోకూడదు కదా.

ఇక ఏ కోసమే ఎంచితే నష్టం ఏమిటి? మైదాన ప్రాంతపు మన జాతుల్లో బి దే పైచేయి. మీ మందలో ఏ జన్యువు నూటికి 10 పాళ్లు ఉందనుకుందాం. అప్పుడు ఏఏ నూటికి ఒకటి, ఏబీ 18, బీబీ 81. ఏఏ పొట్టేళ్లే కావాలంటే నూటిలో ఒకదాన్ని పట్టుకుని దాని సంతానంతోనే మంద నింపాలి. రెండు తరాలు తిరిగేసరికి తండ్రీకూతుళ్ల జతలే మిగులుతాయి. పిల్లల బరువు, బతుకు రెండూ దెబ్బతింటాయి. ఇంకొకటి: ఆస్ట్రేలియా మెరినోల్లో 1965లో ఎవాన్స్, టర్నర్ ఈతల లెక్క చూసినప్పుడు పిల్లల సంఖ్యలో మొగ్గు బి వైపే కనిపించింది. బి జన్యువు ఇన్ని జాతుల్లో ఇంతగా నిలిచిందంటే అది పనికిమాలింది కాదు.

మళ్లీ పరీక్ష చేయించేటట్టయితే ఇలా చేయించండి. పరీక్షకు నాలుగు వారాల ముందు పేడ చూపించి, అవసరమైతే మందు తాపి, పీసీవీ 28 పైన ఉన్నప్పుడే రక్తం తీయాలి. మెడ సిర నుంచి 18 లేదా 20 గేజ్ సూదితో 3 మి.లీ. చాలు. ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో పోసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. ఐస్ పెట్టెలో పంపాలి గానీ గొట్టం ఐసు గడ్డకు తగలకూడదు, మధ్యలో గుడ్డో కాగితమో ఉండాలి. గడ్డకట్టి కరిగిన రక్తంలో కణాలను కడగడం కుదరదు.

ల్యాబులో చేసేవారి కోసం సెల్యులోజ్ అసిటేట్ పద్ధతి చెబుతాను, మనుషుల హిమోగ్లోబిన్ పరీక్షకు వాడే సరంజామాయే సరిపోతుంది. 3000 ఆర్‌పీఎం వద్ద 10 నిమిషాలు తిప్పి ప్లాస్మాను పక్కకు తీసి దాచండి, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే మాంసకృత్తు పరీక్షకు పనికొస్తుంది. కణాలను 0.9 శాతం ఉప్పునీటితో మూడుసార్లు కడగాలి. మేక ఎర్రకణం చాలా చిన్నది, 3 మైక్రాన్లకు కాస్త పైన. అది అడుక్కి దిగడానికి ఎక్కువసేపు కావాలి, 15 నిమిషాలు తిప్పండి. ఉప్పునీరు పలచనైతే గొర్రె కణం కంటే మేక కణం ముందు పగిలిపోతుంది, కాబట్టి సెలైన్ కొత్తది వాడండి. కడిగిన కణాలకు సమానంగా డిస్టిల్డ్ వాటర్, అందులో సగం టొలీన్ చేర్చి బాగా కలిపి, మళ్లీ 3000 వద్ద 15 నిమిషాలు తిప్పితే పైన టొలీన్, మధ్యలో పొరల చెత్త, అడుగున తేట ఎరుపు ద్రవం వస్తాయి. అడుగుదే మనకు కావలసింది, దీన్నే లైసేట్ అంటారు.

బఫర్ లీటరుకు ట్రిస్ 10.2 గ్రాములు, ఈడీటీఏ 0.6, బోరిక్ యాసిడ్ 3.2, పీహెచ్ 8.4 నుంచి 8.6. స్ట్రిప్‌ను బఫర్‌లో మెల్లగా, ఒక వైపు నుంచి ముంచాలి. ఒక్కసారి పడేస్తే గాలి బుడగలు చిక్కుకుని అక్కడ పట్టీ వంకర పోతుంది. కనీసం 5 నిమిషాలు నానబెట్టి, బ్లాటింగ్ కాగితం మధ్య అద్ది, నమూనాను రుణ ధ్రువం వైపు పెట్టి 350 వోల్టుల వద్ద 25 నిమిషాలు నడపండి. లీటరుకు 5 గ్రాముల పాన్సో ఎస్, 7.5 గ్రాముల ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్ కలిపిన రంగులో 5 నిమిషాలు ఉంచి, 3 శాతం ఎసిటిక్ యాసిడ్‌తో కడిగితే పట్టీలు తేలతాయి.

ప్రతి స్ట్రిప్ మీదా రకం ముందే తెలిసిన ఏబీ గొర్రె నమూనా ఒకటి, బీబీది ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. మనిషి నమూనాను ప్రమాణంగా పెట్టి చదివితే తప్పవుతుంది. మనిషి 'ఏ' కీ గొర్రె 'ఏ' కీ పేరు తప్ప పోలిక లేదు. మనుషుల కోసం అమర్చిన హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో గొర్రె రక్తం పెడితే అది తనకు తెలిసిన పేర్లే అచ్చు వేస్తుంది, ఆ కాగితం పక్కన పడేయండి. లైసేట్ ఎర్రగా కాక గోధుమ రంగుకు తిరిగితే మెట్‌హిమోగ్లోబిన్, అంటే ఆక్సీకరణతో పాడైన హిమోగ్లోబిన్, ఏర్పడిందని అర్థం. పట్టీ వెనక తోకలా సాగి, లేని రెండో పట్టీ ఉన్నట్టు అనిపిస్తుంది. వారం దాటిన లైసేట్ వాడొద్దు. బి, సి లను విడదీయాలనిపిస్తే ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ చేయించాలి, లేదా డీఎన్ఏ మీద బీటా జన్యువు చూడాలి. డీఎన్ఏకు వయసుతో, రక్తహీనతతో పని లేదు.

మేకల్లో అక్షరాల దగ్గర జాగ్రత్త. మేకల పరిశోధనల్లో 'బి' అని రాసేది గొర్రె బి కాదు. గొర్రె బి బీటా గొలుసు తేడా, మేక బి ఆల్ఫా గొలుసు తేడా. మేకకు ఒక్కో క్రోమోజోముపై ఆల్ఫా జన్యువులు రెండేసి ఉంటాయి, రెండూ సమానంగా పనిచేయవు. అందుకే మేకలో రెండో పట్టీ సగానికి సగం కాకుండా పలచగా పడవచ్చు. దాన్ని మురికి అనుకుని వదిలేయకండి, మళ్లీ నడిపి అదే చోట వస్తే అది నిజమైన రకమే. బీటా గొలుసులో డి, ఇ వంటి రకాలు కూడా మేకల్లో నమోదయ్యాయి, అరుదు. మామూలుగా ఒక మేకల మందను పరీక్షిస్తే అన్నీ ఏ గానే వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ ఉస్మానాబాదీలకు ఈ పరీక్ష మీద డబ్బు పెట్టడం దండగ.

పొటాషియం సంగతి వేరే, కానీ అదీ వంశపారంపర్యమే, అందుకే హిమోగ్లోబిన్‌తో కలిపి చదువుతారు. కొన్ని గొర్రెల ఎర్రకణాల్లో పొటాషియం చాలా ఎక్కువ, లీటరు కణాలకు 80 మిల్లీమోల్స్ పైన. కొన్నిట్లో 20 లోపే. మధ్యస్తం దాదాపు ఉండదు. తక్కువ రకం బహిర్గతం, ఎక్కువ రకం అంతర్గతం. రెండు ఎక్కువ రకాలు కలిస్తే తక్కువ రకం పిల్ల పుట్టదు. రెండు తక్కువ రకాలు కలిస్తే ఎక్కువ రకం పుట్టవచ్చు. మీ గొర్రె సీరం పొటాషియం అంతగా పెరగడానికి మొదట అనుమానించాల్సింది మూత్రపిండాల జబ్బును కాదు, ఆ గొర్రె ఎక్కువ రకమై, దారిలో కణాలు పగిలి లోపలిది సీరంలో కలవడాన్ని. సీరం లేత గులాబీ రంగులో ఉందా అని ల్యాబును అడగండి. తక్కువ రకం గొర్రెలో కణాలు పగిలినా ఈ అంకె పెద్దగా కదలదు. రెండో అనుమానం గొట్టం. ఊదా మూత గొట్టాల్లోని ఈడీటీఏ మామూలుగా పొటాషియం లవణమే. అందులో తీసిన రక్తంలో పొటాషియం కొలిస్తే గొర్రెది కాదు, గొట్టంలోనిది కొలిచినట్టు. పొటాషియానికి ఆకుపచ్చ మూత లిథియం హెపారిన్ గొట్టమే వాడాలి.

రకం తేల్చాలంటే లెక్క ఇంతే. మొత్తం రక్తంలో పొటాషియం, ప్లాస్మాలో పొటాషియం, పీసీవీ మూడూ కావాలి. పీసీవీ 30, ప్లాస్మా పొటాషియం 5 అనుకుంటే, ప్లాస్మా వాటా 0.7 రెట్లు 5, అంటే 3.5. మొత్తం రక్తంలో 29 వస్తే, 29 నుంచి 3.5 తీసి 0.3 తో భాగించండి, కణాల్లో 85. ఎక్కువ రకం. మొత్తం రక్తంలో 8 వస్తే కణాల్లో 15. తక్కువ రకం. ఇక్కడా వయసు షరతు ఉంది. గొర్రెపిల్లలన్నీ ఎక్కువ రకంగానే పుడతాయి, తక్కువ రకానివి రెండు నెలల్లో తగ్గుతాయి. తీవ్ర రక్తహీనత నుంచి కోలుకుంటున్న తక్కువ రకం గొర్రెలో కూడా కొత్త కణాల వల్ల అంకె తాత్కాలికంగా పెరుగుతుంది.

తండ్రి ఎవరన్న ప్రశ్నకు రక్తపు మాంసకృత్తులు 'ఇది కాదు' అని చెప్పగలవు, 'ఇదే' అని చెప్పలేవు. ఏఏ పొట్టేలుకు బీబీ పిల్ల పుట్టదు, అంతే. బి ఎక్కువగా ఉన్న మందలో పొట్టేళ్లన్నీ బీబీలే అయితే ఈ పరీక్ష ఎవరినీ తప్పించదు. రెండే అల్లీళ్లు, అంటే ఒకే జన్యువుకు రెండే రూపాలు, ఉన్న చోట తప్పు తండ్రిని పట్టే అవకాశం, రెండు పాళ్ల లబ్ధాన్ని 'పీక్యూ' అనుకుంటే, పీక్యూ రెట్లు (1 - పీక్యూ). రెండూ సగం సగం ఉన్నప్పుడు అత్యధికంగా 18.75 శాతం. ఏ పాలు 0.2 అయితే 0.16 రెట్లు 0.84, అంటే 13.4 శాతమే. గొర్రెల ట్రాన్స్‌ఫెరిన్ దీనికంటే చాలా మెరుగు. ప్లాస్మాలో ఇనుమును మోసే ఈ మాంసకృత్తుకు గొర్రెల్లో ఏ, బి, సి, డి, ఇ ఇలా చాలా అల్లీళ్లున్నాయి, అన్నీ పైకి కనిపించేవే. 1958లో ఆష్టన్ మొదట వర్ణించినప్పటి నుంచి డీఎన్ఏ పరీక్షలు వచ్చేదాకా గొర్రెల వంశ నిర్ధారణలో దీనికి పెద్దపీట వేశారు. మేకల్లో ముఖ్యంగా రెండే, ఏ, బి.

ట్రాన్స్‌ఫెరిన్ చదవడంలో ఒక చిక్కుంది. ఒక్క అల్లీల్‌కే ఒకటికి మించి పట్టీలు వస్తాయి, సియాలిక్ ఆమ్లం ఎక్కువ తక్కువల వల్ల. రెండు అల్లీళ్లున్న గొర్రెలో నాలుగు పడాల్సింది, ఒకదాని మీద ఒకటి పడి మూడే కనిపించవచ్చు. ఇనుము నిండని అణువులు వేరే వేగంతో కదిలి ఇంకా గందరగోళం చేస్తాయి. నడిపే ముందు ప్లాస్మాకు కొద్దిగా ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ చేర్చి ఇనుముతో నింపాలి. మిగతా మాంసకృత్తులు అడ్డం రాకుండా రివనాల్ ద్రావణంతో ముందే అవక్షేపం చేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. నిజంగా వంశం తేల్చాల్సిన తగాదా ఉంటే మాత్రం చెవి ముక్కో, వెంట్రుక కుదుళ్లో పంపి మైక్రోశాటిలైట్ అనే డీఎన్ఏ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, ట్రాన్స్‌ఫెరిన్, పొటాషియం మూడూ కలిపి పెట్టే ఖర్చుకు అది మెరుగు.

మందలో ఈ రకాల లెక్కకు ఇంకో మంచి ఉపయోగం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉదాహరణకు మీ ఊళ్లోని మందలన్నీ కలిపి 200 గొర్రెలను చూశారనుకోండి: ఏఏ 12, ఏబీ 56, బీబీ 132. ఏ జన్యువులు 24, 56 కలిపి 80, మొత్తం 400లో 0.2. విచ్చలవిడిగా జతకట్టే మందలో ఏఏ 8, ఏబీ 64, బీబీ 128 ఉండాలి. ఏబీలు 64కు బదులు 56 ఉన్నాయి, ఎనిమిదో వంతు లోటు. ఒకే తండ్రికి పుట్టిన మారుటి అన్నాచెల్లెళ్లు జతకడితే పిల్లల్లో వచ్చే రక్తసంబంధ గుణకం కూడా సరిగ్గా 0.125. తేడా కాకతాళీయమా కాదా అని చూసే కై-వర్గ పరీక్షలో విలువ 3.125, హద్దు 3.84 దాటలేదు కాబట్టి దీన్ని రుజువనలేం. పైగా వేర్వేరు మందల్ని ఒకే మూటగా లెక్కించినా ఇలాంటి లోటే కనిపిస్తుంది. అయినా పొట్టేళ్లను పొరుగు నుంచి మార్చుకోవడం ఎన్నేళ్ల క్రితం జరిగిందో ఆరా తీయడానికి ఈ అంకె చాలు.

పొట్టేలును దేన్ని బట్టి ఎంచాలి? రెండు కొలతలు చాలు. ఒకటి ఫమాచా, కంటి కింది రెప్ప లోపలి రంగును ఐదు మెట్ల పటంతో పోల్చడం. దక్షిణాఫ్రికాలో హీమాంకస్ కోసమే తయారుచేశారు. మొదటి మెట్టు పీసీవీ 28 ఆ పైన, రెండు 23 నుంచి 27, మూడు 18 నుంచి 22, నాలుగు 13 నుంచి 17, ఐదు 12, ఆ కింద. పగటి వెలుతురులో చూడాలి, కొట్టంలో టార్చి లైటుతో చూస్తే రంగు మోసం చేస్తుంది. వానాకాలంలో రెండు వారాలకోసారి చూసి, నాలుగు, ఐదు మెట్లవాటికి మాత్రం మందు తాపండి. మూడో మెట్టువైతే పిల్లలకు, చూడి గొర్రెలకు, పాలిచ్చేవాటికి తాపాలి. ఏ చెవి పోగు నంబరుకు ఎన్నిసార్లు తాపారో పుస్తకంలో రాయండి. రెండోది పేడలో గుడ్ల లెక్క. నేలమీది పేడ కాదు, గుదం నుంచి తీసింది 3 గ్రాములు, 42 మి.లీ. ఉప్పు పట్టించిన నీటిలో కలిపి, మెక్‌మాస్టర్ గాజు పలక రెండు గదుల్లో కనిపించిన గుడ్లను 50తో హెచ్చిస్తే గ్రాముకు గుడ్లు వస్తాయి. వెటర్నరీ కాలేజీల పరాన్నజీవుల విభాగాల్లో దీన్ని మామూలుగానే చేస్తారు. పొట్టేళ్లన్నీ కనీసం రెండు నెలలు ఒకే బీట్లో మేసి, చివరిసారి మందు తాపి ఆరు వారాలైనా దాటి ఉండాలి. లేకపోతే మందు తాపిన పొట్టేలే మంచిదిగా కనిపిస్తుంది. గుడ్ల లెక్కలోని తేడాలో సుమారు పావు నుంచి మూడో వంతు పిల్లలకు దిగేదే.

మీ ఆరు పొట్టేళ్లకు ఈ సెప్టెంబరులో రెండు వారాల తేడాతో రెండుసార్లు గుడ్ల లెక్క, ఫమాచా కలిపి చూడండి. రెండుసార్లూ గుడ్లు తక్కువుండి, మందు లేకుండా ఒకటి రెండు మెట్లలో నిలిచినవి రెండో మూడో ఉంచుకోండి, అందులో బీబీలున్నా సరే. ఆ ఏబీ పొట్టేలు కూడా అందులో నెగ్గితే ఉంచండి, డిసెంబరులో పీసీవీ కోలుకున్నాక మళ్లీ రక్తం పంపండి. అప్పుడు వెనక పట్టీ మాయమై ముందు పట్టీ ఒక్కటే మిగిలితే అది ఏఏ. రెండు పట్టీలూ అలాగే ఉంటే ఏబీయే.

చివరగా మేత గురించి ఒక మాట. మార్కెట్లో మిగిలిన క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకు ఎక్కువగా వేస్తున్నామని రాశారు. ఆ మొక్కల్లో ఉండే ఒక గంధకపు అమైనో ఆమ్లం కడుపులో మారి ఎర్రకణాలను దెబ్బతీస్తుంది, కణాల అంచున హైన్జ్ మచ్చలు వస్తాయి. ఎర్రకణాలను ఇలాంటి దెబ్బ నుంచి కాపాడే గ్లూటాథయోన్ పుట్టుకతోనే తక్కువగా ఉండే గొర్రెలు కొన్ని జాతుల్లో ఉంటాయి, అవి దీనికి ముందుగా పడిపోతాయి. నట్టల మందు తాపినా పాలిపోవడం తగ్గని గొర్రె ఉంటే, గుడ్ల లెక్క సున్నాకు దగ్గరగా ఉంటే, ఆ ఆకును పూర్తిగా ఆపి మూడు నాలుగు వారాలు చూడండి. మూత్రం కాఫీ రంగులో వస్తే ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.